వెబ్‌సైటుకు మస్టర్ వేయించిన రోజులు

నేను తయారుచేసిన మొట్టమొదటి వెబ్‌సైటు తెరవగానే సన్నాయి మోగేది. దాన్ని ఎలా ఆపాలో చూసేవాళ్లకే కాదు, చేసిన నాకూ తెలియదు. పైన అటునుంచి ఇటు పరుగెత్తే అక్షరాలు, నాలుగు మూలల్లో గిరగిరా తిరిగే నాలుగు పువ్వులు, కింద ఎంతమంది చూశారో చెప్పే అంకెల డబ్బా. నేను తెరిచినప్పుడల్లా ఆ డబ్బాలో ఒక అంకె పెరిగేది. పెరిగిందని నేనే మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు మీరు ఫోన్లోనే దుకాణాలు తెరిచేస్తున్నారు కాబట్టి మీకు నవ్వు వస్తుంది. నవ్వండి, పర్వాలేదు. నవ్వడం అయ్యాక మీ సైటు కూడా ఒకసారి తెరిచి చూసుకోండి.

నేను గోదావరిఖనిలో గని మేనేజర్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు టైపిస్టుగా పనిచేశాను. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అన్న మాటను కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి. కంపెనీ స్వచ్ఛందంగా దిగిపొమ్మని పథకం పెట్టినప్పుడు, పెద్ద తెలివిగలవాణ్ణనుకుని దిగిపోయి, చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. ఆరు కంప్యూటర్లు, ఎనిమిది కుర్చీలు. 'ఇచ్చట వెబ్‌సైటులు చేయబడును' అని బోర్డు. ఎలా చేయబడునో బోర్డు పెట్టిన నెల తర్వాత నేర్చుకున్నాను.

ఈ కథంతా తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు జరిగింది. కథలో అసలు మనిషి నేను కాదు, చెప్పులు కుట్టే కాక.

కాక గనిలో టింబర్‌మన్. అంటే పైకప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. ఒకరోజు పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు కుడి పాదం మీదుగా పోయింది. ముందు సగం పాదం, ఐదు వేళ్లూ పోయాయి. కంపెనీ గని బయట కూర్చునే డ్యూటీ ఇచ్చింది. కానీ ఏ చెప్పూ ఆ కాలికి నిలవదు. బజారంతా తిరిగి విసిగిపోయి, మెత్తటి రబ్బరు షీటు కోసి, లేని సగం పాదానికి బదులు లోపల దిండు పెట్టి, పైన మూడు పట్టీలు వేసి తన చెప్పు తానే కుట్టుకున్నాడు. అది చూసి వేళ్లు పోయిన ఇంకొకాయన వచ్చాడు. ఆయన్ని చూసి షుగరు జబ్బుతో కాళ్లు మొద్దుబారినవాళ్లు వచ్చారు. కాక రిటైరయ్యే నాటికి పాత కాలనీ గల్లీలో దుకాణం వెలిసింది. దానికి ఆయన భార్య పేరు పెట్టి, చివర ఫుట్‌వేర్ అని తగిలించాడు. ఆ పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినలేదు. అందరికీ అది కాక దుకాణమే.

వచ్చినవాళ్లను కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసేవాడు. గీత మీద ఊరి పేరు రాసేవాడు. బెల్లంపల్లి, రామకృష్ణాపూర్, ఆసిఫాబాద్ అవతల అడవి ఊళ్లు. వాళ్లందరూ ఏడాదికో రెండేళ్లకో చెప్పు అరిగినప్పుడే వచ్చేవాళ్లు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఎవరికీ లేదు.

అప్పుడు ఓపెన్‌కాస్టు వచ్చింది, అంటే నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే గని. గల్లీకి గల్లీ ఖాళీ చేయించారు. కాక దుకాణం రెండు కిలోమీటర్లు జరిగి కొత్త కాలనీ వెనక్కి పోయింది. మూల మీద టీ కొట్టువాడికి చెప్పి పోదామంటే టీ కొట్టు కూడా లేచిపోయింది. కాక నా సెంటర్‌కు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"దుకాణం నడువకపోతే నాకు ఫికర్ లేదు కొడుకా, పింఛన్ ఉన్నది," అన్నాడు. "గా మనుషులు వస్తరు. మట్టికుప్ప చూస్తరు. తిరిగి పోతరు. బజార్ల దొరికిన చెప్పులు తొడుక్కుంటరు. షుగరు కాలుకు నొప్పి తెల్వది. రెండు నెలలల్ల పుండు పడ్తది, ఆరు నెలలల్ల కాలు తీస్తరు. నేను యాడున్ననో వాళ్లకు తెల్వాలె. అంతే."

నేను ఛాతీ విరిచి, "నెట్లో పెడదాం కాకా, ప్రపంచమంతా తెలిసిపోతుంది" అన్నాను. ప్రపంచం సంగతి కాక అడగలేదు. అడిగింది బెల్లంపల్లి సంగతి.

సైటు ఎలా చేశానో చెబుతాను. దుకాణం పేరు బంగారు రంగులో బొమ్మగా చేయించాను. చిరునామా, ఫోన్ నంబరు ఉన్న విజిటింగ్ కార్డును స్కాన్ చేసి పెట్టాను. వివరాలు నేనే రాసి, పెళ్లిపత్రికలు చేసే డీటీపీ కుర్రవాడి చేత అందమైన అక్షరాల్లో కొట్టించి, అదీ బొమ్మగానే అతికించాను. 'పాదవైకల్యము గల వ్యక్తుల సౌకర్యార్థము ప్రత్యేక పాదరక్షల నిర్మాణము చేపట్టబడును.' ఇరవై రెండేళ్ల అనుభవమంతా ఆ వాక్యంలో పోశాను.

కాకకు చదివి వినిపించాను. "ఎవలన్న సచ్చిపోయిన్రా?" అన్నాడు కాక.

"లేదు కాకా, అదే మన దుకాణం."

"మన దుకాణమా గిది? సంతాప సభ లెక్కున్నది గదా. చెప్పులు కుడ్తం అని రాయొచ్చు గద?"

"అలా రాస్తే చవకబారుగా ఉంటుంది," అన్నాను. ఈ మాట అన్నందుకు నన్ను ఇప్పుడు చెప్పుతో కొట్టినా పడతాను.

సైటు పెట్టి పదిరోజులైంది. సెర్చ్ ఇంజిన్లో దుకాణం పేరు కొడితే పదకొండో పేజీలో ఎక్కడో వచ్చింది. అది కూడా వెబ్ చిరునామాలో దుకాణం పేరు ఉంది కాబట్టి వచ్చింది. దాన్ని పైకి ఎలా తేవాలో తల పట్టుకున్నాను. అప్పుడు రంగంలోకి మా బావ దిగాడు.

బావ అంటే మా ఆవిడ అన్న. గనిలో మస్టర్ క్లర్కు, అంటే కార్మికుల హాజరు వేసేవాడు. మస్టర్ పడితేనే జీతం, మస్టర్ పడితేనే బోనస్, మస్టర్లు తక్కువైతే ఉద్యోగానికే ఎసరు. మా దగ్గర మనిషి బతికున్నాడా లేడా అన్నది కూడా మస్టర్ చూసి చెప్పాల్సిందే అంటాడు ఆయన. అవి ఉద్యమం రోజులు. గనులు వారాల తరబడి సమ్మెలో ఉన్నాయి. మస్టర్ వేయకుండా బావకు చేతులు దురద పెడుతున్నాయి.

నా కష్టం విని బల్ల మీద చరిచాడు. "గింతేనా బావా! హాజరు లేని మనిషిని ఏ మేనేజర్ గుర్తుపడ్తడు? నీ సైటుకు మస్టర్లు లెవ్వు. మస్టర్లు వెయ్యి, ఇంజిన్ జల్ది పైకి గుంజుతది."

మర్నాడే రిజిస్టరు తెచ్చాడు. సమ్మెలో ఖాళీగా ఉన్న నలభై మందిని మూడు షిఫ్టులుగా విడగొట్టాడు. ప్రతివాడూ నా సెంటర్‌కు వచ్చి, దుకాణం పేరు కొట్టి, పేజీలు తిప్పుకుంటూ పోయి, కాక సైటు మీద నొక్కి, సన్నాయి అయిపోయేదాకా కూర్చుని, రిజిస్టరులో సంతకం పెట్టి పోవాలి. సన్నాయి సగంలో లేస్తే అర మస్టర్. ఒకడు కాక సైటు వదిలేసి సినిమా వార్తలు చదువుతూ దొరికిపోయాడు. బావ వాణ్ణి నిలబెట్టి, "డ్యూటీల నిద్రపోయినట్టే గిది!" అని గీత కొట్టేశాడు. వాడు నిజంగానే బతిమాలుకున్నాడు. జీతం లేదు, బత్తెం లేదు, ఆ మస్టర్‌తో వాడికి ఒరిగేదేమిటో వాడికీ తెలియదు. అలవాటు అలాంటిది.

మీరు నమ్మరు, అది పనిచేసింది! మూడో రోజుకు పదకొండో పేజీ నుంచి నాలుగో పేజీకి వచ్చింది. ఆరో రోజుకు రెండో పేజీ. రిజిస్టరులో షిఫ్టులవారీగా రాసిపెట్టాం. పన్నెండో రోజు ఫస్టు షిఫ్టులో మొట్టమొదటి పేజీ, మొట్టమొదటి వరుస. ఆరు కంప్యూటర్లలోనూ మేమే ఫస్టు! సెంటరంతా ఈలలు. బావను భుజాల మీదికి ఎత్తారు, ఫ్యాను తగలబోతే దించారు. ఎవరో లడ్డూలు తెచ్చారు. నేను కాకకు ఫోన్ చేసి, "కాకా, మనం నంబర్ వన్!" అని అరిచాను.

"మరి ఎవలన్న వచ్చిన్రా?" అన్నాడు కాక.

"వస్తారు కాకా, ఇప్పుడే కదా ఎక్కింది," అని ఫోన్ పెట్టేశాను.

అప్పుడే గుమ్మంలోకి ఒక జంట వచ్చింది. మగమనిషి యాభైకి దగ్గర్లో ఉంటాడు, భార్య చెయ్యి పట్టుకుని కుంటుతున్నాడు. కుడి కాలికి బట్ట కట్టి ఉంది. ఎడమ కాలికి మామూలు హవాయి చెప్పు. కుర్చీ ఖాళీ చేయించి కూర్చోబెట్టాం.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "సారు, ఈడ చెప్పులు కుట్టే కాక ఉంటుండె. గిప్పుడు యాడున్నడో జర నెట్ల చూసి చెప్తరా? నెట్ల అన్నీ ఉంటయంటరు గద."

బావ లడ్డూ చేత్తోనే ముందుకొచ్చాడు. "చెల్లె! ఏం గడియల వచ్చినవే! గా కాక సైటే గిప్పుడు నంబర్ వన్. చూడు, చూడు!"

ఆమె తెర వంక చూసింది. పువ్వులు తిరుగుతున్నాయి. సన్నాయి మోగుతోంది. "గిది మాకు రాలే సారు," అంది. "బెల్లంపల్లిల మా అక్క కొడుకుతోని రెండుసార్లు కొట్టిపిచ్చిన. రాలే. దవాఖానల గాయిన దగ్గరికే పొమ్మన్నరు. మూడు వారాల కింద బస్సు దొరికిన రోజు వచ్చినం. గల్లీ లేదు. కంచె ఉన్నది. ఎవలో మంచిర్యాలకు పోయిండు అన్నరు. మంచిర్యాల పోయినం. ఆడ లేడు. మళ్ల ఇంటికి పోయి ఇయ్యాల వచ్చినం."

నాకు కోపం వచ్చింది. నా సైటును అంటున్నట్టుగా వచ్చింది. "వాడు సరిగ్గా కొట్టి ఉండడమ్మా. దుకాణం పేరు కొట్టాడా?"

"పేరా? గా దుకాణానికి పేరున్నదా?"

సెంటర్లో ఈలలు ఆగాయి.

"మరేం కొట్టమన్నావు?"

"ఏం కొడ్తం సారు. వేళ్లు తీసేసిన కాలుకు చెప్పులు, గోదావరిఖని, అని కొట్టమన్న."

ఆ మాటలే కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, ఆ కుర్రవాడు కొట్టి ఉండేది అలాగే. ఒకటో పేజీలో సినిమా పాటలు వచ్చాయి. రెండో పేజీలో పెళ్లి చెప్పుల దుకాణం వచ్చింది, అది ముంబైలో. పదో పేజీ దాకా తిప్పాను. ఆమె నా వెనకే నిలబడి ఓపిగ్గా చూస్తోంది. కాక ఎక్కడా లేడు. నలభై మంది, మూడు షిఫ్టులు, పన్నెండు రోజులు. మేమందరం కొట్టింది ఆ దుకాణం పేరు. అది తెలిసినవాళ్లు ప్రపంచంలో మేమే.

బావ వాళ్లిద్దరినీ స్కూటరు మీద ఎక్కించుకున్నాడు, నేను సైకిల్ మీద వెనకే కాక దగ్గరికి పోయాను. కాక బట్ట విప్పి చూశాడు. రెండు వేళ్లు తీసిన చోట, హవాయి చెప్పు రాసుకుని పడిన పుండు. నాకు వాసన వచ్చింది. కాక ముఖం నల్లబడింది.

"నెల ముందట రావాలె గద బిడ్డా!"

"వచ్చినం కాకా," అంది ఆమె. "నువ్వే లేవు."

కాక కాగితం, పెన్సిలు తీశాడు. ఇప్పుడు చెప్పు కుట్టనని, ముందు పుండు చూపించుకోవాలని చెప్పి, మానాక కుట్టడానికి రెండు పాదాలకూ గీతలు గీసి పెట్టుకున్నాడు. బట్ట తానే మళ్లీ కట్టాడు. వాళ్లను దవాఖానకు పంపించాక నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు రోజుల తర్వాత మంచిర్యాల పోయి ఇంకో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని దుకాణం పేరు కొట్టాను. పదకొండో పేజీ. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది. ఆ సెంటరు నడిపే అమ్మాయి నా మొహం చూసి అసలు సంగతి చెప్పింది. మీరు మీ కంప్యూటర్లలో రోజూ ఏది నొక్కుతారో అది గుర్తుపెట్టుకుని మీకు మాత్రమే పైన చూపిస్తోంది సార్, బయటివాళ్లకు కాదు, అంది. తర్వాత మా పేజీ తెరిచి, పైన పట్టీలో పేజీకి ఏం పేరు పెట్టారో చూశారా అని అడిగింది. చూశాను. 'న్యూ పేజ్ వన్' అని ఉంది. సాఫ్ట్‌వేరు దానంతటది పెట్టిన పేరు, నేను మార్చలేదు. నాలాంటి ఘనులు లోకంలో లెక్కలేనంత మంది ఉంటారు కాబట్టి, ఆ పేరుతో పేజీలకు కొదవ లేదట. ఇక బొమ్మలుగా అతికించిన నా అక్షరాలు మనిషి కంటికే అక్షరాలట, వెతికే ఇంజిన్‌కు వట్టి రంగు మరకలట. అంటే కాక చిరునామా, ఫోన్ నంబరు, నా చేపట్టబడును, ఏదీ అది చదవనే లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. మాకు అది తిరగబడింది. పల్లకీ మోత నా సెంటర్లో, ఈగలు లోకమంతా.

బావకు చెప్పాను. రిజిస్టరు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. "అంటే బావా, మనకు మనమే మస్టర్ ఏసుకున్నమా?"

"అంతే."

"జీతం లేని మస్టర్ ఇదొక్కటే ఏసిన బావా నేను, నా సర్వీసుల," అని రిజిస్టరు చంకలో పెట్టుకుని పోయాడు. వారం రోజులు మా ఇంటికి రాలేదు.

ఆ తర్వాత నేను చేసిన పని ఒక్కటే. నోటుబుక్కు పట్టుకుని కాక దుకాణంలో కూర్చున్నాను. గుమ్మంలోకి వచ్చే మనిషి నోటి నుంచి మొదట ఏ మాట వస్తుందో ఆ మాట రాసుకున్నాను. 'షుగరు కాలుకు మెత్తటి చెప్పులు కావాలె.' 'బొటనవేలు లేదు, చెప్పు నిలుస్తలేదు.' 'ఒక పాదం పెద్దగున్నది, ఒకటి చిన్నగున్నది.' పాదవైకల్యము అని ఒక్కడూ అనలేదు. ఆ మాటలనే బొమ్మలుగా కాకుండా మామూలు అక్షరాలుగా పేజీలో పెట్టాను. తెలుగులోనూ పెట్టాను, జనం కొట్టినట్టే ఇంగ్లీషు అక్షరాల్లోనూ పెట్టాను. పేజీ పేరు మార్చాను. సన్నాయి గొంతు నొక్కాను. చిరునామా దగ్గర పాత గల్లీ పేరు కూడా రాశాను, అది లేదని, ఇప్పుడు ఎక్కడున్నామని. ఎందుకంటే జనానికి గుర్తున్నది లేని గల్లీయే. దవాఖాన ఎదుట మందుల షాపువాడికి సైటు ఉంటే, బతిమాలి అందులో మా పేజీకి దారి పెట్టించాను. సెర్చ్ ఇంజిన్‌ను మెప్పించడం గురించి ఇప్పుడు లావుపాటి పుస్తకాలు వచ్చాయి. వాటిల్లో నాకు అర్థమైనంత వరకు ఉన్నది ఇదే. మీ గుమ్మంలో నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చోండి.

పైకి రావడానికి నెలలు పట్టింది. ఆ మధ్యలోనే బెల్లంపల్లి ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే. నేను నోటుబుక్కుతో దుకాణంలోనే ఉన్నాను. కాక ఆమెను చూడగానే కాగితాల కట్ట విప్పి ఆ రెండు పాదాల గీతలు బయటికి తీశాడు.

"మానిందా బిడ్డా పుండు?"

"కాలు తీసేసిన్రు కాకా. మోకాలు కింద." ఆమె ఏడవలేదు. కుడి పాదం గీత ఉన్న కాగితాన్ని పక్కకు జరిపి, ఎడమ కాగితం మీద వేలు పెట్టింది. "గీ ఒక్కటి కుట్టు. గిదన్న మంచిగుండాలె. బజార్ల అడిగిన. జత కొనాలె, ఒక్కటి ఇయ్యం అన్నరు. ఇంట్ల రెండో చెప్పు కనబడ్తె ఆయన చూడలేకపోతుండు."

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "అమ్మా, సైటు ఇప్పుడు సరిచేశానమ్మా," అన్నాను.

"మంచిగయ్యింది సారు," అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కాక రబ్బరు షీటు కోయడం మొదలుపెట్టాడు. కోస్తూ కోస్తూ తల ఎత్తకుండా, "రాసుకో," అన్నాడు.

"ఏం రాయాలి కాకా?"

"ఒక్క చెప్పు గూడ కుడ్తం. ఎడమదన్న, కుడిదన్న. గట్లనే రాయి. చేపట్టబడును గీపట్టబడును అంటే ఊకోను."

అలాగే రాశాను. కొన్ని వారాల తర్వాత మంచిర్యాల పోయి, బెల్లంపల్లి పోయి, రెండుచోట్లా ఆ మాట కొట్టి చూశాను. రెండుచోట్లా మేమే ఫస్టు. మస్టర్ ఎవరూ వేయలేదు. నాకు కనబడినంత వరకు ఆ మాట ఇంకెవరూ రాయలేదు.

అప్పటి నుంచి మనుషులు రావడం మొదలైంది. ఊతకర్రలతో, చక్రాల కుర్చీలతో, కొడుకుల భుజాల మీద. వచ్చిన ప్రతివాణ్ణీ కాక అడిగే మొదటి మాట ఒకటే. "నన్ను దొరకవట్టనీకి ఎన్ని రోజులు తిరిగినవ్ బిడ్డా?" వాళ్లు మూడు నెలలనో, ఏడాదనో చెప్పేవాళ్లు. అడిగేది వాళ్లనే అయినా, జవాబు వచ్చేటప్పుడు కాక చూసేది నా వైపు. నేను నోటుబుక్కులో తల దూర్చేవాణ్ణి. చాలాకాలం అలాగే గడిచింది.

ఒకరోజు ఆసిఫాబాద్ అవతలి నుంచి ఒకాయన వచ్చాడు. కాక మామూలుగా అడిగాడు.

"తిరుగుడేంది కాకా? నిన్న కొట్టిన, పొద్దుగాల బస్సెక్కిన."

కాక చేతిలో కత్తెర ఆగింది. నా వైపు చూశాడు.

"ఏంది కొడుకా గట్లనే కూసున్నవ్?" అన్నాడు. "మూడు చాయ్‌లు తెప్పియ్యి. నీకు గూడ."